దస్త్రం మోసినవాళ్లు, తెరిచినవాళ్లు



ఈ భాగం పోయిన వారమే రావాల్సింది. సెమిస్టరు పరీక్షల డ్యూటీలు పడి ఆలస్యమైంది. ఒకందుకు మంచిదే అయింది, ఈ భాగానికి కావలసిన విషయం ఆ పరీక్ష హాల్లోనే దొరికింది.

డిగ్రీలో పిల్లలందరికీ కంప్యూటర్ పేపరు ఒకటి ఉంటుంది. ఏ గ్రూపు వాళ్లయినా రాయాల్సిందే. కంప్యూటర్ భాగాలు, విండోస్, వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, ఈమెయిల్. ఆ పరీక్ష రోజు నేను ఇన్విజిలేటర్‌ని. పేపర్లు తీసుకుంటుంటే బి.ఏ. చదివే ఒక అమ్మాయి, ఎస్సీ హాస్టల్లో ఉండే పిల్ల, మెల్లగా అంది: "మేడమ్, మెయిల్ మెర్జ్ గురించి రెండు పేజీలు రాశాను. ఒక్కసారన్నా చూస్తే బాగుండు."

ఆ అమ్మాయి మెయిల్ మెర్జ్ ఎప్పుడూ చూడలేదు. గైడు బట్టీపట్టి రాసింది. ల్యాబ్ ఉంది. అందులో సగం మెషీన్లు లేవవు, లేచేవి కంప్యూటర్ గ్రూపు వాళ్లకే సరిపోవు. బి.ఏ. వాళ్ల ల్యాబ్ పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఏ కాలేజీ అని అడక్కండి. ఈ పోస్టు చదివే లెక్చరర్లలో చాలామందికి ఇది తమ కాలేజీలాగే కనిపిస్తుంది.

ఈ విషయం స్టాఫ్‌రూంలో ఎత్తితే ఒకాయన నవ్వారు. "వీళ్లు ఎక్సెల్ నేర్చుకుని ఏం చేస్తారండీ, గుమాస్తా పనే కదా!" ఆ మాటకు నాకు పెద్దగా ఆశ్చర్యం వేయలేదు. నన్ను ఆగేలా చేసింది మన మిత్రుడొకాయన అన్న మాట. ఆయన ఉద్యమంలో ఉన్నవాడే. "అక్కా, మన పిల్లలకి కోడింగ్ నేర్పాలి, ఏఐ నేర్పాలి. ఈ వర్డూ ఎక్సెలూ గుమాస్తా చదువు. అక్కడే ఆపేస్తే మనవాళ్లు ఎప్పటికీ గుమాస్తాలే" అన్నాడు.

ఇద్దరూ రెండు వైపుల నుంచి వచ్చి ఒక్క మాటే అన్నారు. గుమాస్తా పని చిన్న పని అని. అసలు గుమాస్తా పని ఎప్పుడు చిన్నదైంది? ఎవరి చేతిలో ఉన్నప్పుడు పెద్దది, ఎవరి చేతికి వచ్చే వేళకు చిన్నది? ఈ భాగం దాని గురించే.

*

ముందు కంప్యూటర్ తెర మీది మాటలు చూద్దాం. డెస్క్‌టాప్ అంటే ఆఫీసు బల్ల. దాని మీద ఫైళ్లు, ఫైళ్లను దాచే ఫోల్డర్లు, పక్కన చెత్తబుట్ట. కట్, పేస్ట్ అంటే కాగితాన్ని కత్తెరతో కోసి జిగురుతో అంటించడం. ఈమెయిల్లో సీసీ అంటే కార్బన్ కాపీ, టైపు మెషీన్లో రెండు కాగితాల మధ్య పెట్టే ఆ నల్ల కాగితం. మన పిల్లలు కార్బన్ పేపరు చూడకపోయినా దాని పేరు రోజూ నొక్కుతున్నారు.

ఇదంతా యాదృచ్ఛికం కాదు. 1981లో జిరాక్స్ కంపెనీ స్టార్ అనే కంప్యూటర్ తెచ్చింది. ఫైళ్లు, ఫోల్డర్లు, వచ్చిన ఉత్తరాల బుట్ట, పోవాల్సిన ఉత్తరాల బుట్ట బొమ్మలుగా తెర మీద పెట్టి అమ్మిన మెషీన్ అది. కొనేది ఆఫీసులు కాబట్టి ఆఫీసు గదినే తెర మీదికి ఎక్కించారు. తర్వాత 1983లో ఆపిల్ లీసా, 1984లో మెకింటాష్, ఆ వెనక విండోస్ అదే దారిలో నడిచాయి. అంటే కంప్యూటర్ తెర ఒక ఆఫీసు గది. ఆ గదిలోకి ముందే వెళ్లి వచ్చినవాడికి అక్కడ ఏదీ కొత్త కాదు. ఆ గది గుమ్మం బయటే తరాలుగా నిలబడ్డవాళ్ల పిల్లలకు ప్రతి బొమ్మా కొత్తే.

ఇంకో మాట. తెలుగు వికీపీడియాలో ఫైల్ అన్న మాటకు వాడే తెలుగు ఏమిటో చూడండి. దస్త్రం. పారసీ కచేరీ మాటల వెంట మన ఊళ్లలోకి వచ్చిన మాట అది. ఊళ్లో దస్త్రం అంటే ఒక్కటే అర్థం. కరణం గారి లెక్కల మూట.

*

ఆ మూటలో ఏముండేది? అడంగల్ ఉండేది. తెలంగాణలో దాన్నే పహాణీ అన్నారు. పాత అడంగల్ కాగితం ఎవరి ఇంట్లోనన్నా ఉంటే తీసి చూడండి. అడ్డగీతలు, నిలువు గీతలు. ఒక్కో అడ్డవరసకు ఒక సర్వే నంబరు. నిలువు కాలమ్‌లలో విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, వేసిన పంట, నీటి ఆధారం. చివర మొత్తాలు. ఎక్సెల్ షీట్ ఎలా ఉంటుందో మా బి.ఏ. పిల్లలకు చెప్పాలంటే నేను ఇదే చూపిస్తాను. రో అంటే ఒక చేను. కాలమ్ అంటే ఆ చేను గురించి అడిగే ఒక ప్రశ్న. సెల్ అంటే ఆ ప్రశ్నకు జవాబు. ఆ జవాబు ఎవరు రాస్తారన్నదే ఊళ్లో అధికారం.

ఈ లెక్క రాసే చెయ్యి తరతరాలుగా ఒకే వర్గానిది. ఆంధ్ర ప్రాంతంలో ఎక్కువగా నియోగి బ్రాహ్మణులది. సుమతీ శతకం చదివిన ఎవరికైనా తెలుసు, అందులో కరణం గురించి ఒకటి కంటే ఎక్కువ పద్యాలే ఉన్నాయి. నీతి చెప్పే శతకంలో ఒక ఉద్యోగికి అంత చోటు దక్కిందంటే ఊళ్లో ఆ కలం బరువెంతో ఊహించుకోవచ్చు. అనుభవదారు కాలమ్‌లో ఒక పేరు పడిందా లేదా అన్నదాని మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడి ఉండేది.

లెక్కలే కాదు, చరిత్ర కూడా ఆ చేతిదే. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 2001లో తెచ్చిన 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్' పుస్తకంలో దక్షిణాదిలో చరిత్ర రచన కరణాల సంస్కృతిలో నుంచి ఎలా వచ్చిందో విస్తారంగా చెప్పారు. కాలిన్ మెకంజీ సేకరింపించిన గ్రామ కైఫీయతులకు కూడా చాలాచోట్ల ఆధారం ఊరి కరణాల దగ్గరున్న కవిలెలే. తెలుగు పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఆ పుస్తకం చదివి నేను చాలా నేర్చుకున్నాను. కానీ చదువుతున్నంతసేపూ నా మనసులో ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది. ఆ కవిలెల మూటను మోసినవాడి సంగతి ఏ పేజీలో ఉంది?

*

మోసినవాడి పేరు వెట్టి. కొన్నిచోట్ల తలారి, కొన్నిచోట్ల మస్కూరి, నీరటి. ఊరి ఉద్యోగాలు పైన మునసబు, కరణం దగ్గర మొదలై కింద వీళ్ల దగ్గర ఆగుతాయి. పైవి పెద్ద కులాలకు వంశపారంపర్యం. కింది చాకిరీలో వెట్టి మాలలకు, మాదిగలకు వంశపారంపర్యం. దండోరా వేయడం, శిస్తు డబ్బు వెంట కాపలా పోవడం, దొర వస్తే గడ్డీ కట్టెలూ అందించడం, దస్త్రం మోయడం వీళ్ల పనులు.

మా తాత ఆ పని చేశాడు. ఫసలీ లెక్కలు ముగిసి జమాబందీ వచ్చిందంటే తాలూకా కచేరీకి మూట చేరాలి. కరణం గారు బండిలో. తాత వెనక నడక, తల మీద ఎర్రగుడ్డలో కట్టిన దస్త్రం. కచేరీ అరుగు మీద మూట దించి పక్కకు తప్పుకోవాలి. అప్పుడు వాళ్లొచ్చి విప్పుకుంటారు. మూడు రోజులైనా తాత వేపచెట్టు కిందే. మా నాయనమ్మ ఇది చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు, నవ్వేది. "మీ తాత మోసిన చదువు అంతా ఇంతా కాదే, ఒక్క అక్షరం దిగలేదు గానీ" అనేది.

ఆ మూటలో తాత పేరు కూడా ఉంది. ఆయన అసలు పేరు దేవదానం. రికార్డులో దానిగాడు. తన పేరు చివర 'గాడు' అని రాసి ఉన్న కాగితాన్ని తన తల మీదే పెట్టుకుని మైళ్లకు మైళ్లు నడిచాడు. చదవడం రాదు కాబట్టి ఆయనకు తెలియదు. చదవగలిగినవాళ్లు చెప్పలేదు.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. మహారాష్ట్రలో మహర్ వతన్ కూడా ఇదే. కాస్త వతన్ భూమి, ఊరిచ్చే గింజలు చూపించి ఒక కులం మొత్తాన్ని పగలూ రాత్రీ సర్కారు పిలుపుకు కట్టేశారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1928 మార్చిలో బొంబాయి శాసనమండలిలో పెట్టిన బిల్లు దీని మీదే. 1874 నాటి బొంబాయి వంశపారంపర్య ఉద్యోగాల చట్టాన్ని సవరించాలని ఆయన అడిగారు. మహద్ చెరువు నీళ్లు తాగి అప్పటికి ఏడాది. నీటి మీద హక్కు ఎంత ముఖ్యమో, పుట్టుకతో మీదపడే చాకిరీ నుంచి విడుదల కూడా అంతే ముఖ్యమని ఆయనకు తెలుసు.

మన వైపు అలాంటి చట్టమే 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం. రాజ్యాంగం వచ్చి పదేళ్లయినా అది నడుస్తూనే ఉంది. 1960 డిసెంబరులో గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని ఆరో సెక్షన్ మీద తీర్పు చెప్పింది. గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవి మీద వచ్చిన తగాదా అది. పాత ఉద్యోగి కుటుంబంలోంచే మనిషిని తీసుకోవాలనడం వంశాన్ని బట్టి వివక్ష చూపడమే, రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధం అని కోర్టు తేల్చింది. అయినా మునసబు, కరణం పదవులు మరో ఇరవై మూడేళ్లు నిలిచాయి. 1984 జనవరి 6న ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటిని రద్దు చేసింది. సవాలు చేస్తూ కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు, 1985లో కోర్టు రద్దును సమర్థించింది. ఆ తర్వాత ఊరి లెక్కల పనికి పరీక్ష, రోస్టరు, రిజర్వేషన్ వచ్చాయి.

అదే 1984 జనవరి 24న అమెరికాలో మెకింటాష్ విడుదలైంది. ఈ రెండింటికీ సంబంధం లేదు. కానీ నాకు ఈ రెండు తేదీలు పక్కపక్కనే గుర్తుంటాయి. ఇక్కడ దస్త్రం కరణం ఇంట్లోంచి బయటపడిన నెలలోనే అక్కడ దస్త్రం బొమ్మ మామూలు జనం కొనుక్కునే తెర మీదికి వచ్చింది.

*

ఈ మధ్యలో ఇంకో మెట్టు ఉంది. టైపు మెషీన్.

ఇవాళ మన ఫోన్లలో ఉండే క్వెర్టీ వరస 1874లో రెమింగ్టన్ అమ్మిన షోల్స్ అండ్ గ్లిడెన్ మెషీన్ నుంచి వచ్చింది. మన తాలూకా ఊళ్లలో బస్టాండు పక్క సందులో, మేడ మీద, రేకుల షెడ్డులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయర్, హయ్యర్. ఇంగ్లీషు లోయరంటే నిమిషానికి 30 మాటలు, హయ్యరంటే 45. పరీక్ష స్టేట్ బోర్డ్ ఆఫ్ టెక్నికల్ ఎడ్యుకేషన్ వాళ్లది. పదో తరగతి పాసై, హాస్టల్ నుంచి వచ్చి, గంటకింతని ఫీజు కట్టి ఏఎస్‌డీఎఫ్ కొట్టిన మన పిల్లలు వేలమంది. మన వాడల్లో మొదటి తరం ప్రభుత్వోద్యోగుల్ని అడగండి. టీచర్లు, అటెండర్ల తర్వాత వినిపించే మాట టైపిస్టు. ఆ ఒక్క సర్టిఫికెట్‌తో కచేరీ గుమ్మం దాటి లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చున్నవాళ్లు వాళ్లు.

వాళ్లలో ఒకరి పేరు మనం రోజూ తలచుకోవాలి. నానక్‌చంద్ రత్తూ. పంజాబ్‌లోని హోషియార్‌పూర్ ప్రాంతం నుంచి ఢిల్లీ వచ్చిన దళితుడు, ప్రభుత్వాఫీసులో ఉద్యోగి. ఆఫీసు ముగిశాక 26, అలీపూర్ రోడ్డుకు వెళ్లి బాబాసాహెబ్ రాతలు టైపు చేసేవాడు. 1956 డిసెంబరు 5 రాత్రి బాబాసాహెబ్ తన దగ్గర పెట్టించుకున్న కాగితాలు 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథానికి రాసిన ముందుమాట, పరిచయాల టైపు ప్రతులే. తెల్లవారేసరికి ఆయన లేరు. మన కోట్లమంది దారిని మార్చిన పుస్తకం ఒక గుమాస్తా వేళ్ల మీదుగా నడిచి వచ్చింది. ఇప్పుడు చెప్పండి, గుమాస్తా పని చిన్నదా?

*

ఇక ఎక్సెల్ దగ్గరికి వద్దాం. దానికీ ఒక పుట్టుక ఉంది.

1978లో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో కూర్చుని ఉన్నాడు. మాస్టారు నల్లబల్ల మీద లెక్కల పట్టిక వేశారు. ఒక అంకె తప్పు. అది దిద్దితే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి మళ్లీ రాయాలి. ఒక అంకె మారిస్తే మిగతావి వాటంతట అవే మారే బల్ల ఉంటే ఎలా ఉంటుంది అని అతనికి తోచింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి చేసిన ఆ ప్రోగ్రాం పేరు విజికాల్క్, 1979లో వచ్చింది. తర్వాత 1983లో లోటస్ 1-2-3, 1985లో మెకింటాష్ మీద ఎక్సెల్, 1987లో విండోస్ మీద ఎక్సెల్. వర్డ్ 1983లో వచ్చింది. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ కలిపి ఆఫీస్ అన్న పేరుతో అమ్మడం 1989లో మొదలైంది.

దీని వెనకున్న అసలు సంగతి పిల్లలకు చెప్పాలి. కరణం బలం రెండింటిలో ఉండేది. లెక్క ఆయనకే కనిపిస్తుంది, మొత్తం ఆయనే వేస్తాడు. ఎక్సెల్లో సమ్ ఫార్ములా వేసినప్పుడు ఆ మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో సెల్ మీద నొక్కితే ఎవరికైనా కనిపిస్తుంది. లెక్క ఎలా కట్టారో దాచుకునే వీలు తగ్గుతుంది. తెరవడం తెలిస్తేనే సుమా.

తెరవడం తెలియకపోతే? అప్పుడు కొత్త కరణాలు పుడతారు. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, అదే నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. 2011లో మీసేవ. 2020 అక్టోబరులో తెలంగాణలో ధరణి. ఊరి దస్త్రం మొత్తం తెర మీదికి చేరింది. ఎర్రగుడ్డ మూట పోయింది, సర్వర్ వచ్చింది. కానీ కాలమ్‌లు అవే, కాలమ్ మీద కొట్లాటా అదే. కొత్త రికార్డులో అనుభవదారు కాలమ్ లేకుండా పోవడం మీద ధరణి కాలంలో కౌలు రైతుల తరఫున ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు. అసైన్డ్ భూములున్న మన కుటుంబాలకు 22ఏ నిషేధిత జాబితా అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఒక వరసలో ఒక మాట పడితే ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగాలి.

వరస పోతే మనిషి పోయినట్టే. ఇది మనకే కాదు. 2020లో ఇంగ్లండ్‌లో కరోనా కేసుల లెక్క పాతరకం ఎక్సెల్ ఫైల్లో వేశారు. అందులో 65,536 వరసలు దాటితే పట్టవు. 15,841 కేసులు వారం రోజులపాటు లెక్కలోకి రాలేదు. వాళ్లకు దగ్గరగా మెలిగినవాళ్లకు హెచ్చరిక వెళ్లడం ఆలస్యమైంది. మైక్రోసాఫ్ట్ 2007 నుంచి ఇచ్చిన కొత్తరకం ఫైల్లో 10,48,576 వరసలు పడతాయి. ఫైలు రకం మార్చి ఉంటే సరిపోయేది. ఇది పెద్ద కోడింగ్ విద్య కాదు, గుమాస్తాకు తెలియాల్సిన సంగతి.

*

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్నీ తెలిసినదాన్నై మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

నా సిద్ధాంత గ్రంథం చేత్తో రాసి డీటీపీ సెంటర్‌కి ఇచ్చాను. పేజీకి ఇంత. తప్పు దిద్దితే మళ్లీ ఇంత. అధ్యాయం మధ్యలో ఒక పేరా చేరిస్తే విషయసూచికలో పేజీ నంబర్లన్నీ మారిపోయేవి, వాటిని ఒక్కొక్కటిగా చేత్తో మార్చేవాళ్లు, దానికీ డబ్బులే. ఫెలోషిప్ డబ్బుల్లో ఎంత ఆ సెంటర్‌కి పోసానో గుర్తు చేసుకోవడం ఇష్టం లేదు. వర్డ్‌లో హెడింగులకు స్టైల్ పెట్టుకుంటే విషయసూచిక దానంతటదే తయారవుతుందని, ఒక్క నొక్కుతో పేజీ నంబర్లు మారతాయని నాకు డాక్టరేట్ వచ్చాక తెలిసింది. ఎవరి మీదా కోపం లేదు. మాకూ ఆ పేపరు ఉండేది, మేమూ గైడు చదివి రాశాం.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. డీటీపీ వాళ్లు ఇచ్చిన ఫైలు ఇంట్లో తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు. అప్పటి డీటీపీ సెంటర్లలో తెలుగంటే అను ఫాంట్లు. ఆ తరహా ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంట్ లేని మెషీన్లో అసలు రంగు బయటపడుతుంది. వెతికితే దొరకవు, మెయిల్లో పంపితే చదవలేరు. నిజానికి ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్ 1991లోనే వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో తెలుగుకు చోటిచ్చింది. 2003లో తెలుగు వికీపీడియా, 2006లో లేఖిని వచ్చాయి. దారి తెరిచి ఉంది, నాకు చూపించినవాళ్లు లేరు.

ఇది నా ఒక్కదాని నష్టం కాదు. డీటీపీ కాలంలో వచ్చిన దళిత పత్రికలు, కరపత్రాలు, కవితా సంకలనాలు ఎన్నో అలాంటి ఫాంట్లలోనే ఉన్నాయి. ఆ ఫైళ్లు ఎవరి పాత సీడీలోనో, చెడిపోయిన హార్డ్ డిస్కులోనో ఉంటాయి. యూనికోడ్‌లోకి మార్చకపోతే రేపు వెతికేవాళ్లకు మన రాతలు దొరకవు. కైఫీయతులు దొరుకుతాయి, మనం దొరకం.

*

ఇంతకీ ఆ అమ్మాయి సంగతి.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం ఆ అమ్మాయినీ, హాస్టల్లోని మరో ఐదుగురినీ ఇంటికి రమ్మన్నాను. నా పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్ ప్రకారం దేశంలోని పల్లె ఇళ్లలో నూటికి 4.4 ఇళ్లలోనే కంప్యూటర్ ఉంది, పట్నాల్లో 23.4. ఆ ఆరుగురి ఇళ్లలో ఒక్కదాంట్లోనూ లేదు. ఫోను అందరికీ ఉంది. కానీ ఫోన్ మీద ఇరవై కాలమ్‌ల షీటు నింపి చూడండి, ఎందుకు సరిపోదో తెలుస్తుంది.

ఏం నేర్పాలని ముందే అనుకోలేదు. వాళ్ల బాధ అడిగాను. హాస్టల్లో 37 మందికి స్కాలర్‌షిప్ ఆగిపోయింది. ఒకరికి ఆధార్‌లో పేరు ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్లో ఒకటి. ఒకరికి కులధ్రువపత్రంలో ఇంటిపేరు తప్పు. ఒకరికి బ్యాంకు ఖాతా కలవలేదు. పేర్లు తప్పుపడటం దానిగాడితో ఆగలేదన్నమాట.

షీటు తెరిచాం. ఒక వరసకు ఒక మనిషి. కాలమ్‌లు వాళ్లే చెప్పారు: పేరు, దరఖాస్తు నంబరు, తరగతి, ఆగిన కారణం, ఎన్ని నెలలు. ఫిల్టర్ పెడితే 37లో 21 మందిది ఒకే కారణమని బయటపడింది, పేరు సరిపోలకపోవడం. విడివిడిగా వెళ్లినప్పుడు ప్రతి ఒక్కరితో "నీ ఒక్కదానిదే సమస్య" అన్నారట ఆఫీసులో. తర్వాత వర్డ్‌లో ఒక అర్జీ రాశారు. తెలుగులో, యూనికోడ్‌లో. మెయిల్ మెర్జ్ నొక్కాం. 37 అర్జీలు, ఒక్కోదానిలో ఎవరి పేరు వాళ్లది, ఎవరి నంబరు వాళ్లది, ఎవరి కారణం వాళ్లది. ఆ అమ్మాయి తెరవైపు చూసి "ఇదా మేడమ్ మెయిల్ మెర్జ్!" అంది. రెండు పేజీలు రాసిన పిల్ల.

సోమవారం అందరూ కలిసి ఆఫీసుకు వెళ్లి ఇచ్చారు, ప్రతి కాపీ మీదా అందినట్టు ముద్ర వేయించుకున్నారు. డబ్బులు ఇంకా పడలేదు. పడ్డాయని చెప్పి ఈ పోస్టు ముగించాలని నాకూ ఉంది, కానీ పడలేదు. అయితే ఇప్పుడు వాళ్ల దగ్గర తేదీతో సహా లెక్క ఉంది. అది ఆఫీసు లెక్క కాదు, వాళ్ల లెక్క.

*

కాబట్టి నా మిత్రుడికి నా జవాబు. తమ్ముడూ, కోడింగ్ నేర్పుదాం, ఏఐ కూడా నేర్పుదాం. కానీ ఈ రెండు క్రెడిట్ల పేపర్ని ఈసడించకు. మన పిల్లల్లో కోడింగ్ వైపు వెళ్లేది కొందరు. దస్త్రంతో పని అందరికీ పడుతుంది.

సమాచార హక్కు చట్టం, 2005 తీసి సెక్షన్ 2(జె) చదవండి. సమాచారం కంప్యూటర్లో ఉంటే దాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో తీసుకునే హక్కు మనకు ఉంది. రెండొందల పేజీల జిరాక్స్ కాగితాల బదులు ఎక్సెల్ ఫైలు అడగండి. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ప్రకారం మన జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలి. ఆ కేటాయింపుల పట్టికలో ఎంత నేరుగా మన వాడలకు వచ్చింది, ఎంత అందరికీ పెట్టిన ఖర్చులోంచి మన వాటా అని రాసుకున్నారు అన్నది కాలమ్ కాలమ్‌గా విడగొట్టి చూడటానికి ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ అక్కర్లేదు. సమ్, ఫిల్టర్, ఇంకాస్త ఓపిక చాలు. మన ఊరి అసైన్డ్ భూముల జాబితా, 22ఏ జాబితా పక్కపక్కన పెట్టి ఏ సర్వే నంబరు రెండింటిలో ఉందో చూడటం డిగ్రీ పిల్లలు ఒక మధ్యాహ్నంలో చేయగలిగిన పని.

లెక్చరర్లుగా ఉన్న మన మిత్రులకు ఒక్క విన్నపం. మీ కాలేజీ ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందో రేపు కనుక్కోండి. బి.ఏ. పిల్లల ప్రాక్టికల్ పీరియడ్ ఎన్నిసార్లు నిజంగా జరిగిందో హాజరు పట్టిక అడగండి. ఆ పట్టిక ఎక్సెల్లో అడగండి.

నేను మా తాత రికార్డు కాపీ తీయించుకున్నాను. దానిగాడు అనే ఉంది. పాత రికార్డును నేను మార్చలేను, మార్చకూడదు కూడా, అది వాళ్లు రాసిన సాక్ష్యం. కానీ మా వాడలో వెట్టి చేసినవాళ్ల పేర్లు ఇప్పుడు ఒక షీట్లో ఎక్కిస్తున్నాను. మొదటి కాలమ్‌లో రికార్డులోని పేరు. రెండో కాలమ్‌లో ఇంట్లోవాళ్లు పిలిచిన పేరు. మూడో కాలమ్‌లో ఎంత దూరం మోశారో. ఇప్పటికి 14 వరసలయ్యాయి. మీ ఊళ్లలో ముసలివాళ్లు ఇంకా ఉంటే ఈ మూడు ప్రశ్నలూ అడిగి రాసి పెట్టుకోండి. నాకు పంపనక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి. కాకపోతే యూనికోడ్‌లో రాయండి.

వచ్చే భాగంలో టైపు ఇన్‌స్టిట్యూట్‌ల గురించి వివరంగా మాట్లాడుకుందాం. మీ ఇంట్లో లోయర్, హయ్యర్ పాసైన మొదటి మనిషి ఎవరో కామెంట్లలో చెప్పండి.

జై భీమ్.